ఏ దేవునికిచ్చినవ్ బిడ్డా?

వరంగల్ చౌరస్తాకు దగ్గరలో మాకు గాజుల దుకాణం ఉంది. పేరుకే గాజులు. పెళ్లికూతురికి కావలసిన బాసికాలు, జడగంటలు, సవరాలు, పాపిటబిళ్లలు అన్నీ మా దగ్గర దొరుకుతాయి. మా ఆయన లక్ష్మీనారాయణ గల్లాపెట్టె చూసుకుంటాడు, బేరం నేను చూసుకుంటాను. అనసూయతో బేరమాడటం కన్నా అడిగినంత ఇచ్చి ఇంటికి పోవడం మేలని బజారులో నా మీద ఒక మాట ఉంది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు గానీ నాకు ఉలుకేమీ లేదు.

సామాను కట్టించుకున్నాక పెళ్లివాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే, పూలజడ ఎవరు బాగా కుడతారని. ఏళ్ల తరబడి నేను చెప్పే పేరూ ఒకటే. కాశిబుగ్గ సుభాషిణి.

ఇప్పుడు పూలజడలు ఫోన్‌లో ఆర్డరిస్తే అట్టపెట్టెలో వస్తున్నాయి. స్పాంజి ముక్క మీద పూలు జిగురుతో అతికించి ఉంటాయి, పెళ్లికూతురు పీటల మీద కూర్చునేసరికి సగం రాలతాయి. సుభాషిణి పని అలాంటిది కాదు. పొద్దున్నే పూల మార్కెట్‌కు వెళ్లి విచ్చుకోని మల్లెమొగ్గలు ఏరి తెచ్చుకుంటుంది. అరటిపట్టను జడంత పొడుగున కోసి, దాని మీద మొగ్గలను సూదీదారంతో వరసగా కుడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, పెళ్లికూతురి తల తానే దువ్వుతుంది. ఇంకెవరైనా దువ్వి జడ వేసి ఉంచితే ఒప్పుకోదు, విప్పించి మళ్లీ మొదటి నుంచి దువ్వుతుంది. "జడ తలకు కుదరాలక్కా. పిల్లకు యాడ బరువైతదో యాడ నొస్తదో చేతికి తెల్వకుంటే, ఎన్ని పూలు కుడితే ఏం ఫాయిద?" అంటుంది. ఆమె దువ్వుతుంటే పెళ్లికూతుళ్లు కూర్చున్నచోటే కునికిపాట్లు పడటం నేను కళ్లారా చూశాను. పెళ్లినాడు అంత హైరానాలో ఒక ఆడపిల్లకు నిద్ర పట్టించడం మాటలు కాదు.

తమాషా ఏమిటంటే, ఊరందరి తలల్లో పూలు పెట్టే సుభాషిణి తాను మాత్రం పువ్వు పెట్టుకోదు. వాళ్లు క్రైస్తవులు. వాళ్ల చర్చిలో ఆడవాళ్లకు పూలూ బొట్టూ అలవాటు లేదు. ఆమెకు పూలు అవసరమూ లేకపోయింది. నడుము దాటి దిగిన నల్లటి జడ, పిడికిట్లో పట్టేది కాదు. మా దుకాణంలో కొనడానికి వచ్చిన వాళ్లు ఆ జడ చూసి, ఈమె దగ్గర కుట్టించుకుంటే మన పిల్ల జడా ఇలాగే ఉంటుందనుకునేవారు. మా దుకాణానికి బోర్డు ఎలాగో ఆమె పనికి ఆ జడ అలాగ.

ఆ జడ మొదలు దగ్గరే, చెవి వెనక, రూపాయి బిళ్లంత జాగా నున్నగా కనిపించింది నాకు ఒకరోజు. ఒక్క వెంట్రుక లేదు. చిన్నపిల్లల అరచేతిలా మెత్తగా ఉంది.

"ఇదేందే, పేనుకొరుకుడా?" అన్నాను.

మన దగ్గర దీనికి ఆ పేరే ఉంది. పేనో పురుగో కొరికిందని, అందుకే అక్కడ వెంట్రుకలు పోయాయని తాతల నాటి నుంచి అనుకుంటున్నాం. పేను రక్తం తాగుతుంది గానీ వెంట్రుకలు కొరుకుతుందా అని ఎవరూ ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు. వైద్యాలకు మాత్రం కొదవ లేదు. ఒకరు ఎల్లిగడ్డ, అదే వెల్లుల్లి, రుద్దమన్నారు, ఒకరు ఉల్లిగడ్డ రసం అన్నారు. ఎవరో పెద్దాయన గురిగింజలు నూరి పూశాడు, దాంతో తోలు కమిలి పొక్కులు లేచాయి. ఆ పొక్కులు మానకముందే రెండో చెవి వెనక ఇంకో బిళ్ల పడింది. తరువాత నడినెత్తిన పడింది.

సుభాషిణి ఏడవలేదని నేననను. ఏడ్చింది. కానీ ఆమెను లోపల్లోపల తినేసిన భయం వేరే. పేను అంటే ఒకరి తల నుంచి ఒకరి తలకు పోయేది కదా. ఏ పెళ్లికూతురి తల నుంచో తనకు వచ్చిందనుకుంది. వచ్చింది కాబట్టి తన చేతుల మీదుగా ఇంకెంతమందికి పోయిందోనని కూర్చుంది. దువ్వెనలను మరిగే నీళ్లలో వేసింది. దిండ్లు ఎండకేసింది, దుప్పట్లు ఉడకబెట్టింది. చివరికి దువ్వెనలన్నీ పాత చీరగుడ్డలో చుట్టి బీరువా అడుగున పెట్టేసి, మా దుకాణానికి వచ్చింది.

"అక్కా, ఇగ నా పేరు ఎవ్వలకు చెప్పకు. నేను దువ్విన పిల్లకు అత్తగారింట్ల ఎంట్రుకలు రాలితే ఆ పాపం నాది గాదా?"

నాకు ఒళ్లు మండింది. ఆమె మీద కాదు, ఆ పేను మీద. సుభాషిణికి ఇంటి పని ఉంది, భర్త ఉన్నాడు, చర్చి ఉంది. అయినా ఒక తల ముందు దువ్వెన పట్టుకుని కూర్చున్నప్పుడే ఆ మనిషి మనిషిలా ఉంటుంది. ఆ పని పోతే ఇక ఏముంటుంది? "పేను సంగతి పేనుల డాక్టరు చూస్తది, నడువ్" అని దుకాణం మా ఆయనకు అప్పజెప్పి, ఆటో పిలిచి హనుమకొండ తీసుకెళ్లాను.

డాక్టరమ్మ పేరు దీప్తి. మా ఇద్దరికంటే చిన్నది. తల చూడమంటే ముందు చేతులు చూపించమంది. గోళ్ల మీద సూదిమొనతో పొడిచినట్టు సన్నటి గుంటలున్నాయి. "పూలు కుట్టి కుట్టి అట్లయినయ్ మేడం" అంది సుభాషిణి.

"సూది చేసిన పని కాదమ్మా" అని నవ్వింది ఆమె. "జుట్టును పట్టుకున్నదే గోర్లనూ పట్టుకుంది. పేనూ లేదు, పురుగూ లేదు. మన ఒంట్ల కావలి కాసే కణాలుంటయ్. బయటి నుంచి జ్వరం తెచ్చే క్రిమి వస్తే పోయి కొట్లాడేటివి అవే. కరోనా అప్పుడు అందరం ఇమ్యూనిటీ, ఇమ్యూనిటీ అని జపం చేసినం గదా, ఆ బలం వాటిదే. ఇప్పుడు అవి మీ వెంట్రుక కుదుళ్లను చూసి పరాయివనుకుంటున్నయ్. కుదురు చుట్టూ మూగి, దాన్ని పని చేయనిస్తలేవు."

నేను ఉండబట్టలేక అందుకున్నాను. "అంటే కంచే చేను మేస్తాందా?"

"అచ్చం అదే."

"ఇన్నేండ్లు లేనిది ఇప్పుడెందుకైంది మేడం?" అంది సుభాషిణి.

"మామూలుగా వెంట్రుక కుదురు ముసుగేసుకున్నట్టు ఉంటది. కావలి కణాల కంట పడదు. ఎప్పుడో ఆ ముసుగు జారుతది. కొందరికి పుట్టుకతోనే ఆ గుణం ఉంటది. మీకు ఇప్పుడే ఎందుకు జారిందంటే, నిజం చెప్తున్న, పూర్తిగా ఎవ్వరికీ తెల్వదు. మీరు చేసిన తప్పయితే ఏం లేదు."

చర్చిలో తలమీద కొంగు కప్పుకుని కూర్చునే మనిషికి ముసుగు సంగతి ఒకరు విప్పి చెప్పనక్కరలేదు. తల ఊపింది. కానీ ఆమె అడగడానికి వచ్చింది అది కాదు.

"మేడం, ఇది అంటుకుంటదా?"

డాక్టరమ్మ చేతిలోని భూతద్దం బల్ల మీద పెట్టింది. తొడుగులేమీ లేని తన వేళ్లను సుభాషిణి తల మీది నున్నటి చోట ఆనించి, అక్కడే ఉంచింది. "రోజూ ఇట్లాంటి తలలు పట్టుకునే బతుకుతున్న. అంటుకునేదైతే ఈపాటికి నాకు గుండై పోవాలె. మీ నుంచి ఎవ్వరికీ పోదు. మీకు ఎవ్వరి నుంచీ రాలేదు."

అప్పుడు ఏడ్చింది చూడండి సుభాషిణి! ఆ ఏడుపు ఆపడం నా వల్ల కాలేదు, డాక్టరమ్మ వల్లా కాలేదు. సుభాషిణి తేరుకున్నాక డాక్టరమ్మ మిగతాది చెప్పింది. కుదురు చచ్చిపోలేదట. పని మానుకుని ఉందట. కావలి కణాలు నెమ్మదిస్తే మళ్లీ మొలవొచ్చు, మొలిచింది మళ్లీ రాలనూవచ్చు, ఫలానా రోజుకు వస్తుందని ఏ డాక్టరూ చెప్పలేరంది. గురిగింజలూ ఎల్లిగడ్డా తల దగ్గరికి రానివ్వొద్దని నా వైపు చూసి మరీ చెప్పింది, పూసింది నేనే అయినట్టు.

వచ్చేటప్పుడు ఆటో కాశిబుగ్గ మలుపు తిరిగాక సుభాషిణి అంది, "అక్కా, దువ్వెనలు బయటికి తీస్త."

తీసింది గానీ జుట్టు ఆమె మాట వినలేదు. డాక్టరమ్మ తలలో సన్నని సూదులతో మందు ఎక్కించింది. కొన్నిచోట్ల తెల్లటి నూగు మొలిచింది. మేము సంబరపడేలోపే రాలిపోయింది. ఆ ఎండాకాలానికి బిళ్లకు బిళ్ల కలిసిపోయి తలంతా ఖాళీ అయింది, కనుబొమ్మలు కూడా పోయాయి. ఆ కణాల దూకుడు తగ్గించే మాత్రలు కొత్తగా వచ్చాయని, రక్తపరీక్షలు చేయించుకుంటూ జాగ్రత్తగా వాడాలని, అందరికీ పనిచేస్తాయని మాటివ్వలేనని డాక్టరమ్మ చెప్పింది. సుభాషిణి మొదలుపెట్టింది.

అక్కడొకటి ఇక్కడొకటి మిగిలిన పోచలను అద్దంలో చూడలేక, ఒక మధ్యాహ్నం భర్త సాల్మన్‌ను వాకిట్లో కూర్చోబెట్టి తీసెయ్యమంది. అతను ఎలక్ట్రీషియన్. స్తంభాలెక్కే మనిషి ఆ రోజు కత్తెర తీసి మళ్లీ కింద పెట్టాడట. "కరెంటు తీగెలు పట్టుకుంటవ్ గని నా నెత్తి పట్టుకునుడుకు బయమా?" అని ఆమే అతనికి ధైర్యం చెప్పింది. విగ్గు తెప్పిస్తానని నేనన్నాను. మంచి రకాలు నాకు తెలుసు. "ఎండకు నెత్తి ఉడుకుతదక్కా, నాకొద్దు" అని కొంగు కప్పుకుంది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. మన ప్రాంతంలో ఆడమనిషి గుండుతో కనిపిస్తే దానికి ఒకటే అర్థం. మొక్కు చెల్లించి వచ్చింది. మా వాళ్లు యాములాడ అనే వేములవాడ రాజన్నకో, ఐలోని మల్లన్నకో, తిరుపతి వెంకన్నకో తలనీలాలు ఇచ్చి వచ్చిందనుకుంటారు. ఎదురొచ్చిన వాళ్లు దండం పెట్టి ప్రసాదం తెచ్చావా అని అడుగుతారు. మా వాళ్లలో అది గౌరవమే. సుభాషిణి చర్చిలో మాత్రం గుసగుసలు మొదలయ్యాయి. ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారి భార్య విమలమ్మ ఆమెను పక్కకు పిలిచి, చేతులు పట్టుకుని, మెల్లగా అడిగింది.

"సుభాషిణీ, నేను ఎవ్వలకు చెప్ప. నాకు నిజం చెప్పు బిడ్డా. యాములాడ పోయొచ్చినవా?"

వెనక వరసలో ఇంకొకామె, చాటున చేసిన పాపమేదో ఉండకపోతే దేవుడు జుట్టెందుకు తీస్తాడంది. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడమంటే ఇదే. నేనైతే ఆమె తలనీలాలు అక్కడే చేతిలో పెట్టి వచ్చేదాన్ని. సుభాషిణి అలా చేయలేదు. తరువాతి ఆదివారం, ఎవరైనా సాక్ష్యం చెప్తారా అని పాస్టరు అడిగినప్పుడు, నిండు సంఘంలో లేచి నిలబడింది. తాను ఏ గుడికీ వెళ్లలేదని, ఎవరికీ ఏమీ ఇవ్వలేదని, తన ఒంట్లోని కావలి కణాలే తన జుట్టును పరాయిదనుకుంటున్నాయని, ఇది ఎవరికీ అంటదని చెప్పి కూర్చుంది. విమలమ్మ వచ్చి ఆమె పక్కనే కూర్చుందట. వెనక వరస ఆమె ఏం చేసిందో నేను అడగలేదు.

పెళ్లిళ్ల కాలం వచ్చింది. పాలంపేట నుంచి ఒక రైతు కుటుంబం గాజులకు వచ్చారు. పెళ్లికూతురు సింధు తన స్నేహితురాలి పెళ్లిలో సుభాషిణి కుట్టిన జడ చూసింది, ఇంకెవరూ వద్దని పట్టుబట్టింది. నేను సుభాషిణికి ఫోన్ చేశాను. "పోదామక్కా. నువ్వు నా ఎంబడి రా" అంది. గుండు సంగతి వాళ్లకు ముందే చెప్పాలా అని అడిగితే, "అడిగితే చెప్త. నేను దాస్తలేను" అంది. చీర కట్టుకున్న మనిషి కొంగు కప్పుకుంటే దాచినట్టేమీ కాదని నేనూ అనుకున్నాను.

పెళ్లి మధ్యాహ్నానికి. మేము పొద్దున్నే చేరుకున్నాం. వాకిట్లో టెంటు వేశారు, లోపలి గదిలో చుట్టాలు కిక్కిరిసి ఉన్నారు. ఫ్యాను ఉన్నా లేనట్టే. సుభాషిణి చాప పరిచి, తడిగుడ్డలో చుట్టిన పూలజడ విప్పి, దువ్వెనలు వరసగా పెట్టుకుంది. సూది తీసుకుందామని వంగింది. కొంగు జారి భుజం మీద పడింది.

అందరి చూపులూ ఆమె తల మీదే పడ్డాయి. గోడవారగా గుమ్మం పక్కన కూర్చున్న ముసలమ్మ ముందుగా నోరు తెరిచింది. పెళ్లికూతురి నాయనమ్మ మొగిలమ్మ. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఏ దేవునికిచ్చినవ్ బిడ్డా? యాములాడ రాజన్నకా, ఐలోని మల్లన్నకా?"

అందరి ముఖాలూ విప్పారాయి. పెళ్లి ఇంటికి మొక్కు చెల్లించిన మనిషి రావడం శుభమే కదా. ఒకామె అప్పుడే చేతులు జోడించింది. నాకు అంతకంటే ఏం కావాలి?

"రాజన్నకే అవ్వా!" అన్నాను. ఇప్పుడడిగినా అలాగే అంటాను. పెళ్లి ఇంట్లో ఒక మాటతో పని అయ్యేదుంటే ఆ మాట అనడంలో నాకు తప్పేమీ కనిపించదు.

"లేదవ్వా" అంది సుభాషిణి.

ఆమె చెయ్యి నా చేతి మీద పడింది, నోరు మూసుకోమని. "ఏ దేవునికి ఇయ్యలే. అదే రాలిపోయింది. మా సంఘంల నిలవడి ఇయ్యలేదని సాక్ష్యం చెప్పిన. అదే నోటితోటి ఈడ ఇచ్చిన్నని ఎట్ల చెప్పాలె?"

పెళ్లికూతురి మేనత్త దువ్వెనల మీదికి వంగి, అన్నీ దూరంగా నెట్టేసింది. "పేనుకొరుకుడు గాదా గిది? పెండ్లిపిల్ల నెత్తి ముట్టనిస్తమా? రేపు పిల్ల ఎంట్రుకలు పోతె అత్తగారింట్ల ఎవలు జవాబు చెప్తరు?" సింధు ఏదో అనబోయింది, తల్లి ఆమె భుజం పట్టుకుని ఆపింది. మేనత్త అన్నవి ఒకప్పుడు సుభాషిణి నాతో అన్న మాటలే. ఇప్పుడు ఈమె దువ్వెనలు మూటగట్టి వెనక్కి వస్తే, అవి మళ్లీ బీరువా అడుగుకే పోతాయి. ఇక ఎప్పటికీ బయటికి రావు.

సుభాషిణి కొంగు సర్దుకోలేదు. గొంతు కూడా పెంచలేదు. మేనత్త వైపు కాకుండా ముసలమ్మ వైపు తిరిగి చెప్పింది.

"పేను గాదవ్వా. ఒంట్ల కావలి కాసేటియ్ ఉంటయ్. అవే నా ఎంట్రుకను పరాయిదనుకున్నయ్. కంచె చేను మేసినట్టు. ఎవ్వలకు అంటదు. డాక్టరమ్మ ఒట్టి చేతులతోటి ముట్టి చెప్పింది. గయినా మీకు ఇష్టం లేకుంటే పిల్ల తల ముట్టను. జడ ఈడ పెట్టి పోత, ఎవలన్న కట్టున్రి."

మొగిలమ్మ చాలాసేపు ఆ గుండు వైపే చూసింది. పొలం పనిలో ముదిరిన మనిషి.

"ఏరున్నదా?" అంది చివరికి, మొక్కకు వేరు ఉందా అని అడిగినట్టు.

"ఉన్నదవ్వా. మొలిస్తే మొలుస్తది, లేకుంటే లేదు."

"గంతే గదా" అని ముసలమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. "కంచె మేసిన చేను పక్క చేనుకు అంటుకుంటదానె? ఎన్నడన్న చూసినవా?" అంది కూతురితో. కూతురు అంటే ఆ మేనత్తే.

"అమ్మా, నువ్వు ఊకో, ముందట్కి రాకు" అంది మేనత్త.

ఆ మాట విని నాకు అర్థమైంది, ఆ ముసలమ్మ అంతసేపూ గుమ్మం పక్కన గోడకు ఎందుకు ఆనుకుని కూర్చుందో. భర్త పోయిన మనిషి. పెళ్లి గదిలో నడుమకు రాకూడదని తనంత తానే మూలన కూర్చుంది. ఇప్పుడు వచ్చింది. నేరుగా వచ్చి సుభాషిణి ముందు చాప మీద, పెళ్లికూతురు కూర్చోవలసిన చోట, వీపు తిప్పి కూర్చుంది. తెల్లటి చిన్న ముడి విప్పుకుంది.

"ముందుగాల నాకు దువ్వు. నీ దువ్వెనతోనే దువ్వు. అంటుకునేదైతే ముసల్దానికి అంటనీ."

సుభాషిణి దువ్వెన అందుకుంది. ముసలమ్మ తలకు నూనె లేదు, చిక్కులు ఎన్నో ఉన్నాయి. కొసల నుంచి మొదలుపెట్టి ఒక్కో చిక్కు విప్పుకుంటూ పైకి వచ్చింది. కొంచెంసేపటికి ముసలమ్మ మెడ ఒక పక్కకు వాలింది. సుభాషిణి దువ్వడం ఆపింది.

"ఆపకు బిడ్డా" అంది మొగిలమ్మ కళ్లు తెరవకుండానే. "నా నెత్తి ఒకలు దువ్వక ఎన్నేండ్లాయెనో."

మేనత్త తాను నెట్టేసిన దువ్వెనలు తానే తెచ్చి పక్కన పెట్టింది. సింధు తన భుజం మీది తల్లి చెయ్యి విడిపించుకుని వచ్చి నాయనమ్మను కుదిపింది. "అవ్వా, లే. నా పెండ్లి గూడ ఉన్నది" అంటే గదంతా నవ్వింది. ముసలమ్మ జరిగింది గానీ మళ్లీ గుమ్మం దగ్గరికి పోలేదు. అక్కడే, సుభాషిణి మోకాలికి ఆనుకుని కూర్చుని, మొగ్గలు కుట్టిన వరసలు చూస్తూ ఉండిపోయింది.

సుభాషిణి చివరి జడగంటలు కడుతుండగా మొగిలమ్మ చెయ్యెత్తి, వెంట్రుకలు లేని ఆ తల మీద అరచేయి పెట్టింది. బంధువుల పిల్లలను దీవించినట్టే పెట్టింది.

"ఏ దేవునికి ఇయ్యకపోతె ఏంది బిడ్డా? మంచిగున్నవ్."

సుభాషిణి తల వంచుకునే ఉంది. ఆ చెయ్యి తీసేదాకా కదలకుండా ఉండి, తరువాత ముడి గట్టిగా బిగించి, దారం పంటితో కొరికింది. కొంగు మాత్రం ఆ రోజు మళ్లీ కప్పుకోలేదు.